పొడికళ్ళ పాస్టరమ్మ

యాక్సిడెంట్ కాదయ్యా మహానుభావా, ఆక్సిడేటివ్, ఆక్సిడేటివ్ స్ట్రెస్, ఈ మనిషి ఫోన్ ఎప్పుడు చేసినా రైసుమిల్లు నడిమధ్యలో నిలబడే ఎత్తుతాడు, పక్కన పాలిష్ మిషను గర్రుమంటుంటే నేను కంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంట, బస్సెక్కుతున్నా అన్నాను, మా ఆయనకేమో యాక్సిడెంటైంది, బస్సెక్కింది అని వినిపించింది, ఎవలి మీదికెక్కిందే, నీ మీదికేనా, నువ్ బతికే ఉన్నవా అని అడుగుతున్నాడు, సచ్చినదాన్ని ఫోనెట్ల చేస్తనయ్యా సాంసనూ అని నేను అరిచేసరికి సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డ జనమంతా యాడ, యాడ, హైవే మీదనా అంటూ నా చుట్టూ మూగారు, ఒకాయన అప్పుడే ఫోన్ తీసి వీడియోకు సిద్ధం, ఏ బండీ ఏం కాలేదు తమ్ముడూ, నా కంటి పొర మీద ఒక పొరపాటు పడింది, లేజర్ చేయించుకున్న కన్ను కొంచెం అలిగింది, అంతే, అంటే అందరి ముఖాలూ వాడిపోయాయి, యాక్సిడెంట్ కాలేదని తెలిసి ఇంతమంది ఇంతలా నిరాశపడటం నేనెప్పుడూ చూడలేదు, చూడటానికేం లోటు లేదులెండి, దూరపు చూపు బ్రహ్మాండం, అదిగో ఆ చివర ఆగిన బస్సుకున్న కోదాడ బోర్డును ఇక్కడినుంచే చదవగలను, రెండు నెలల క్రితమైతే దాన్ని ఎవరో ఆరేసిన తువ్వాలనుకునేదాన్ని, ఇగ మంచిగ చెప్పు, డాక్టరమ్మ ఏమన్నది అని ఫోన్లో మా ఆయన, ఏమంటది, చుక్కలిచ్చింది, గంతేనా, గంతే, ఇంకేం ఇయ్యలే? ఇంకేం ఇయ్యలే, అనేసి ఫోన్ పెట్టి, బ్యాగును చంక కిందికి గట్టిగా నొక్కుకున్నాను, డాక్టరమ్మ ఇచ్చిన ఆ ఇంకేదో దాంట్లోనే ఉంది మరి.

అదొక కళ్ళజోడు, అవును, కళ్ళజోడు వదిలించుకోవడానికి కళ్ళు చెక్కించుకున్నదానికి కళ్ళజోడే రాసిచ్చారు, పవర్ ఏమీ లేదట, జీరో, ఆడవాళ్ళకు బస్సులో జీరో టికెట్టు, నాకు కంటికి జీరో పవర్, కానీ ఆ ఆకారం ఉంది చూశారూ, చుట్టూ రబ్బరు అంచు, చెవుల వైపు తలుపుల్లాంటి రెక్కలు, వెల్డింగ్ షాపాయనకూ వరికోత మిషను డ్రైవరుకూ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డలా ఉంది, గాలి చొరబడకుండా, దుమ్ము పడకుండా, బస్సెక్కిన దగ్గరినుంచీ పెట్టుకోవాలట, పెట్టుకోకపోతే పైపొర మానదు, మానకపోతే వచ్చిన చూపే మళ్ళీ మసకబారి అట్లాగే ఉండిపోవచ్చు అంది డాక్టరమ్మ, పెట్టుకుంటే నా పరువు మసకబారుతుంది డాక్టరమ్మా అని నేను, ఆమెకేం తెలుసు, రెండు నెలల క్రితం కోదాడ హైస్కూలు స్టాఫ్‌రూములో నా పాత కళ్ళజోడుకు పదవీ విరమణ సభ జరిపించిన తెలుగు టీచరు ఎస్తేరు అంటే నేనేనని, అద్దాల డబ్బాకు శాలువా కప్పాం, బంతిపూల దండ వేశాం, ముక్కు మీద మూడు దశాబ్దాల నిర్విరామ సేవ అని నేనే సన్మానపత్రం రాశాను, సోషల్ చెప్పే గీత మేడం దాన్ని గొంతు వణికిస్తూ చదివింది, ఓ అద్దమా, ఇక మా ఎస్తేరు గారికి అడ్డమేముందండీ అని ఆవిడ అంటే పిల్లలు కిటికీల్లోంచి చప్పట్లు, ఆ సాయంత్రం బస్సులో కండక్టరు రవీందరు నా కథంతా విని, రిటైరైనాయన ఇంటికి పోతుండా మేడం అని డబ్బాకు సలాం కొట్టి కిటికీ సీటు ఇప్పించాడు, జిల్లా దాటి ఫొటోలు తిరిగాయి, ఇప్పుడు ఆ రిటైరైనాయన స్థానంలో ఈ వెల్డింగాయనను ముక్కు మీద ఎక్కించుకుని అదే జనం ముందు ఎట్లా తిరగాలి, అదీ సరే అనుకుంటే, ఎప్పుడూ కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సులో ఉండే రవీందరు ఇవాళే డ్యూటీ మారి ఈ బస్సు మెట్ల మీద నిలబడి, రండ్రి మేడం రండ్రి, అద్దాలు లేకుంట పదేండ్లు తగ్గిన్రు అంటున్నాడు, పదేళ్ళు తగ్గిన మొహంతో పళ్ళికిలించి ఎక్కి కూర్చున్నాను, బ్యాగు జిప్పు తీయలేదు.

కిటికీ సీటే దొరికింది, కిటికీ సగంలో ఇరుక్కుని మూసుకోనంటోంది, సూర్యాపేట అని పేరెవరు పెట్టారోగానీ సూర్యుడు నిజంగానే ఇక్కడ సొంతిల్లు కట్టుకున్నట్టున్నాడు, బస్సు కదలగానే ఎండా గాలీ కలిసి నా కళ్ళ మీదే పడ్డాయి, లేజర్, లేజర్ అంటారు, లే జర, అంటే కొంచెం లేవమనే కదా అర్థం, తీరా వెళ్తే పడుకోబెట్టి చేస్తారు, చేశాక లేజీగా ఉండమంటారు, నేనా, లేజీగానా, డాక్టరమ్మ పేరు శిరీష, మా పెద్ద తరగతి పిల్లల్లో ఒకతెలా ఉంటుంది, నా మాటలకు ఒక్కసారి కూడా నవ్వలేదు, మేడం, లేజర్‌తో పైపొరలో సన్న నరాలు కొన్ని తెగుతాయి, అవి మళ్ళీ మొలిచేదాకా కన్ను ఎండిపోతున్న కబురు పైకి అందదు, కబురందక నీళ్ళు రావు, మీ టియర్ ఫిల్మ్, అంటే కన్నీటి పొర, తొందరగా తెగిపోతోంది అంది, నా ఫిల్మ్ ఏ టాకీసుల ఆడుతుందమ్మా, ఇంటర్వెల్ గాకముందే రీలు తెగుడేంది అన్నాను, నవ్వలేదు, నీళ్ళ కాపలా లేని పొర మీద గాలి, ఎండ, పొగ నేరుగా పనిచేస్తాయి, కణాలు లోలోపల కాలినట్టవుతాయి, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం అంది, ఆ కసి ఎవరిదమ్మా నా మీద, అయినా స్ట్రెస్ లేని స్త్రీ ఉంటదా అన్నాను, ఊహూ, అప్పుడు ఆ పిల్ల టార్చి ఆర్పేసి, మేడం, మీరు వంకాయ కోసి ఉప్పునీళ్ళలో ఎందుకేస్తారు అని అడిగింది, ఎయ్యకుంటె నల్లబడతది గదమ్మా అన్నాను, మీ కన్నీళ్ళే ఆ ఉప్పునీళ్ళు, అంది, వెంటనే కుర్చీలోంచి లేచి బ్యాగు తగిలించుకుని, అయితే గుత్తివంకాయనన్నమాట నేను, అని బయటికొచ్చేశాను.

కళ్ళు మూసుకోవాలి, అదొక్కటి గుర్తుంది, గంటకోసారి కాసేపు మూసుకుని కూర్చోవాలి, మధ్యమధ్య రెప్పల కసరత్తు, మెల్లగా మూయడం, కొంచెం ఒత్తడం, మెల్లగా తెరవడం, కంటికి రెప్పలా చూసుకోవడం అని పిల్లలకు ఎన్ని వ్యాసాల్లో రాయించానో, ఇప్పుడది మందుల చీటీలో రాశారు, రెప్పపాటు అంటే చిన్నదనుకునేదాన్ని, రెప్ప పాటుపడితేగానీ కన్ను బతకదని ఇప్పుడు తెలిసింది, మూయి, ఒత్తు, తెరువు, మూయి, ఒత్తు, తెరువు, నాకు ఏదీ మనసులో అనుకోవడం చేతకాదు, పెదాలు కదులుతాయి, ఇంతలో ఎవరో పక్కన ధబ్బుమని కూర్చున్నారు, కాళ్ళ దగ్గర ఏదో మూట, ఆ వాసనకే తెలిసింది ఎండుమిర్చి, పచ్చళ్ళ కాలం కదా, నా కర్మ కాలం కూడా, అసలే పోయేది మిర్యాలగూడ, పేరులోనే మిరియాలు, దానికి తోడు మిరపకాయలు, కళ్ళు భగ్గుమన్నాయి, పొడికళ్ళ సంగతే అది, అసలు నీళ్ళుండవు, మంట పుడితే మాత్రం ధారలు, సాగర్ కాలువ చివరి పొలాలకు వదిలినట్టు, రానప్పుడు చుక్క ఉండదు, వచ్చినప్పుడు గట్లు తెగుతాయి, బుగ్గల మీదుగా మెడ మీదికి కారిపోతున్నాయి, తుడవకూడదు, రుద్దకూడదు, కళ్ళు మూసుకునే కూర్చుని మూయి, ఒత్తు, తెరువు అనుకుంటున్నాను, అప్పుడు నా మోచేతి మీద ఒక వేడి అరచెయ్యి పడింది, పాస్టరమ్మా, అంది ఒక ఆడగొంతు, జెర మాకోసం గూడ అడుగరాదమ్మా.

తెరిచి చూస్తే నా ఈడుకు రెండు మూడేళ్ళు పెద్దామె, పేరు రుక్మాబాయట, త్రిపురారం దగ్గర తండా, అవతలి సీట్లో కూతురు సోనీ, రబ్బరు తాడుతో తలకు కట్టుకున్న దళసరి అద్దాలు, పొద్దుగాల కండ్ల దవాఖానల గూడ సూసిన్నమ్మా నిన్ను, గంటసేపు కండ్లు తెరువనే లేదు, గంత ఏడ్సుకుంట దేవున్ని అడిగేటోళ్ళను నేనేడ సూడలే అంది, అమ్మా, దవాఖానలో మూసుకున్నది కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసినందుకు, ఇప్పుడు కారేది నీ మిరపకాయల పుణ్యం, నేను పాస్టరమ్మను కాదు, అని చెప్పడానికి నోరు తెరిచాను, ఈలోగా టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన రవీందరు విషయం గ్రహించి మీసాల కింద నవ్వు దాచుకుని, మంచి మనిషి దగ్గరే కూసున్నవ్ అవ్వా, మస్తు పవర్ ఉన్న మనిషి, ఒకప్పుడు మైనస్ ఆరు, అని ముందుకెళ్ళిపోయాడు, దొంగ సచ్చినోడు, ఇంక ఆ మాట బస్సంతా పాకింది, ముందు సీటు ముసలాయన పరశురాములు వెనక్కి తిరిగి, తల్లీ, నా బోరు మోటరు ముచ్చటగ మూడోసారి కాలింది, ఏ దేవుడైతేంది, నీ దేవునికి గూడ ఒక మాట చెప్పి పెట్టు అని, అది ఎప్పుడు ఎట్లా కాలిందో మొదటినుంచీ మొదలుపెట్టాడు, మొదటి మోటరే గరిడేపల్లి దాకా వచ్చింది, ఇంక తప్పదని కళ్ళు మూసి చేతులెత్తి, ప్రభువా, ఈ పెద్దాయన బోరు బాగుచెయ్యి, లేకుంటే ఈయన మాకు మిర్యాలగూడ దాకా బోరు కొడతాడు అన్నాను, బస్సు గొల్లుమంది, వెనక సీటామె ఆమెన్ అంది, ఆమె ఆమెన్ అంటే ఈమె ఆమెన్ అంది, ఎవరి బర్రెకో పాలు, ఎవరి కొడుక్కో బుద్ధి, ఎవరి అత్తగారికో మాట పడిపోవాలని, అన్నిటికీ నేను సై, నాకు నలుగురు నవ్వే చోటు దొరికితే చాలు, అంత బాగుంది, నిజంగా ఎంతో బాగుంది, కంటి సంగతి మర్చిపోయేంత, బ్యాగులో ఉన్నదాని సంగతి మర్చిపోయేంత.

రోడ్డు సగం మీద యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నాయి, బస్సు మిగతా సగంలో దుమ్ము లేపుకుంటూ పోతోంది, కోసిన మళ్ళలో కొయ్యకాళ్ళకు ఎవరో నిప్పు పెట్టారు, పొగ అడ్డంగా కమ్మింది, రుక్మాబాయి లేచి మూటను ముందుకు జరపడానికి పోగానే ఆ ఖాళీ సీట్లోకి సోనీ జారి, నా చెవి దగ్గర, ఆంటీ, నాకొకటి అడుగున్రి, గట్టిగ అనకున్రి, మా యాడికి తెలువదు అంది, యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ, ఒచ్చే సోమారం నాకు లేజర్ ఉంది ఆంటీ, నేను పొలాలకు మందు కొట్టే డ్రోను నడుపుత, రిమోటు రెండు చేతులల్ల ఉంటది, మీదికి సూసుకుంట ఉండాలె, చెమటకు అద్దాలు జారిపోతయ్, ఒకసారి అద్దాలు పడ్డయ్, సూసేలోపు డ్రోను పోయి కరెంటు తీగకు తట్టింది, అందుకే అద్దాలు వద్దనుకున్న, మంచి పనే కదమ్మా, మరి ఏమడగాలి అన్నాను, ఆ పిల్ల ఇంకా దగ్గరికి వంగింది, కండ్లు మండుతున్నయ్ ఆంటీ, శానా రోజులైంది, పొద్దున లేస్తె ఇసుక పోసినట్టుంటది, డాక్టరమ్మ మంట ఉందా, దురదుందా అని అడిగింది, ఏం లేదన్న, ఉందంటె లేజర్ వద్దంటది గదా, ఆపరేషన్ ముంగట మళ్ల ఏదో మిషన్ల పెట్టి సూస్తరంట, ఆ మిషన్‌కు దొరకొద్దని ప్రార్థన చెయ్యున్రి.

మిషను, కమీషను అని ఏదో అనబోయి, ఆ పిల్ల అద్దాల వెనక కళ్ళు చూశాను, అంచులు ఎర్రగా, మా ఊళ్ళో అయితే కళ్ళు ఎర్రబడితే కల్లు అంటారు, ఇది కల్లు కాదు, ఆకాశంలోకి చూసీ చూసీ, మందు తుంపరలు పడీ పడీ, కాపలా నీళ్ళు అయిపోయిన కన్ను, దాని మీద లేజర్, తర్వాత మళ్ళీ ఆకాశం, మళ్ళీ తుంపరలు, ముందే పొడిగా ఉన్న కంటికి మేం వెంటనే చేయం మేడం, మందులు వాడి పొరను మంచి చేసి అప్పుడు చేస్తాం, అందుకే అన్ని ప్రశ్నలడుగుతాం, అని శిరీష పొద్దున్నే చెప్పింది, నేనేమో ఆ ప్రశ్నల మీద ఒక జోకు వేశాను, ఇప్పుడు ఈ పిల్లకు ఏం చెప్పను, పాస్టరమ్మలా గంభీరంగా సత్యము పలుకుము కుమారీ అంటే సరే ఆంటీ అంటుంది, సోమవారం వెళ్ళి మళ్ళీ ఏం లేదంటుంది, పిల్లలు నీతివాక్యాలను ఎట్లా వింటారో నాకు తెలియదా, వినాలంటే ఒక్కటే దారి, నేనెవరో చెప్పాలి, చెప్పాలంటే బ్యాగులోది బయటికి తీయాలి, తీస్తే రవీందరు చూస్తాడు, రవీందరు చూస్తే రేపు కోదాడ చూస్తుంది, గీత మేడం, అద్దం గారూ, మళ్ళీ వచ్చారా అండీ అంటుంది, కిటికీలోంచి వడ్ల దుమ్ము ఇంకో దోసెడు వచ్చి మొహాన కొట్టింది, మంట, ఆ పిల్ల నన్ను చూస్తోంది, చెయ్యి బ్యాగులోకి వెళ్ళింది, జిప్పు ఇంత గట్టిగా చప్పుడు చేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

పెట్టుకున్నాను, రబ్బరు అంచు చెంపలకు అతుక్కుంది, గాలి ఆగింది, ఒక్కసారిగా, ఇంట్లో తలుపు వేసినట్టు, రెండు నెలల్లో మొదటిసారి గాలి లేని చోట నా కళ్ళు కూర్చున్నాయి, అబ్బా, ఇంత హాయిని పొద్దుటినుంచీ చంకలో నొక్కుకుని తిరుగుతున్నానా, లేచి నిలబడి, పై కడ్డీ పట్టుకుని, చివరి బెంచీ దాకా వినిపించే గొంతుతో, ఇటు సూడున్రి అందరూ, అన్నాను, నేను పాస్టరమ్మను గాదు, కోదాడల తెలుగు టీచర్ని, పేరు ఎస్తేరు, కండ్లు మూసుకున్నది ప్రార్థనకు గాదు, డాక్టరమ్మ చెప్పిన రెప్పల కసరత్తుకు, పెదాలు కదిలింది వాక్యానికి గాదు, మూయి, ఒత్తు, తెరువు అనుకుంటున్న, కారింది భక్తి గాదు, మంట, రెండు నెలల కింద లేజర్ చేపించుకున్న, సూపు మంచిగొచ్చింది, అబద్ధం చెప్పను, అగో గా చివరాఖరి మైలురాయి గూడ చదువుత, గని కంటి మీది నీళ్ళు తగ్గి పొర అలిసిపోయింది, వంకాయ కోసి నీళ్ళల్ల ఎయ్యకపోతె నల్లబడతది సూడున్రి, అట్ల, ఇది మానుతది, గని చెప్పినట్టు ఇంటెనే మానుతది, ఈ అద్దాలు పెట్టుకొమ్మన్నది, సిగ్గై పెట్టుకోలే, మా ఇంటాయనకు గూడ చెప్పలే, గదీ సంగతి, ఎవలన్న లేజర్‌కు పోతుంటె డాక్టరు అడిగినప్పుడు మంట ఉంటె ఉన్నదని చెప్పున్రి, వద్దనరు, ఆగి చేస్తరు, అని కూర్చున్నాను, పరశురాములు నా వంక చూసి, అయితె నా మోటరు? అన్నాడు, రవీందరు తలుపు దగ్గరినుంచి, మేడం, రిటైరైనోళ్ళను మళ్ల డ్యూటీల పెట్టుకున్నరా? అన్నాడు, ఇదిగో, ఇదే, నేను చంకలో దాచుకుని భయపడ్డ మాట ఇదే, బస్సంతా విరగబడి నవ్వింది, ఆయన రిటైరే, ఈయన కొత్త రిక్రూట్‌మెంట్ రవీందరూ, సెక్యూరిటీ గార్డు అన్నాను, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, ఇంతేనా, ఇంతేనా అది, ఒక నవ్వు, ఒక సీటు నుంచి ఇంకో సీటుకు పోయి ఆగిపోయింది.

యాడీ, అని సోనీ వాళ్ళమ్మను పిలిచింది, నేను చెప్పలేదు, ఆ పిల్ల తనే చెప్పింది, తల వంచుకుని, నాగ్గూడ మండుతున్నయ్, డాక్టరమ్మకు చెప్పలే, అని, రుక్మాబాయి మూట వదిలేసి నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఏందే, డాక్టరు కాడ దాస్తవా, పొలానికి ఏ తెగులో చెప్పకుంట ఏం మందు కొడ్తవే నువ్, రైతు ఏం లేదు ఏం లేదంటె ఉత్త నీళ్ళు కొట్టొస్తవా, అని అడిగింది, ఆ మాటకు సోనీకి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు, సోమారం దాకెందుకు, రేపే పోయి చెప్త తియ్ యాడీ, లేజర్ కొంచెం ఆలిశమైతె అయితది, అని ఆ పిల్ల నా ముక్కు మీద ఉన్నదాన్ని పట్టిపట్టి చూస్తూ, ఆంటీ, గిసొంటియి యాడ దొరుకుతయ్, డ్రోను కాడ నాగ్గావాలె, మందు తుంపర గూడ లోపలికి రాదు గదా, చెమటకు జారది గూడ, అంది, నేనేమో దీన్ని అవమానం అనుకుంటుంటే ఆ పిల్లకు ఇది పనిముట్టు, ముందు డాక్టరమ్మను అడుగు బిడ్డా, నీ కంటికి ఏది పనికొస్తదో ఆమె చెప్తది అన్నాను, తలుపు దగ్గర గాలి నాగ్గూడ మస్తు కొడ్తది మేడం అని రవీందరు, పరశురాములు ఒకసారి ఇయ్యి తల్లీ పెట్టుకోని సూస్త అని, పెద్దయ్యా, ఇది మోటరు గాదు అని నేను.

నేరేడుచర్ల వస్తుండగా రుక్మాబాయి మళ్ళీ నా పక్కన కూర్చుంది, మూటను దూరంగా పెట్టి వచ్చింది పాపం, మెల్లగా, ఇగ నువ్ పాస్టరమ్మవు గాకపోతె గాకపోతివి, నా బిడ్డ కండ్ల కోసం ఒక్కపారి నిజంగ మూసుకోని అడుగరాదమ్మా, అంది, అట్లనే నీ కండ్లకు గూడ కలిపి అడుగు, ఎవలన్న అడిగిన్రా నీ కోసం? ఎవరూ అడగలేదు, అడగడానికి ఎవరికి చెప్పాను, చర్చిలో మొదటి వరసలో కూర్చుంటాను, అందరూ కళ్ళు మూసుకుంటే నేను ఒక్క కన్ను తెరిచి ఎవరు కునుకుతున్నారో చూసి తర్వాత నవ్విస్తాను, మా ఆయన అడిగితే చుక్కలన్నాను, డాక్టరమ్మ అడిగితే గుత్తివంకాయ అన్నాను, స్టాఫ్‌రూములో అడిగితే ఏమన్నానో గుర్తు కూడా లేదు, ఏదో నవ్వే మాటే అయి ఉంటుంది, రబ్బరు అంచుల వెనక కళ్ళు మూశాను, రుక్మాబాయి చెయ్యి మోచేతి మీద పడింది, ఎప్పుడొచ్చిందో వెనక సీట్లోంచి సోనీ చెయ్యి కిటికీ వైపు నా భుజం మీద ఉంది, బస్సు ఆగింది, కొత్త జనం ఎక్కుతున్న అడుగుల చప్పుడు, ఏమైందయ్యా ఆమెకు, గా అద్దాలేంది, కండ్లు మూసుకోని ఏం చేస్తుందని ఎవరో, రవీందరు అందరికీ వినపడేలా, ఏం గాలే, ఆమె పాస్టరమ్మ అనుకున్నం, గాదు, కండ్ల పేషెంటు, లేజర్ చేపించుకుంటె కండ్లు పొడిబారినయ్, గాలి తగలకుంట అద్దాలు పెట్టుకుంది, బక్తి అనుకున్నది రెప్పల కసరత్తు, ఏడుపనుకున్నది మిరపకాయలు, సమజైందా, ఇగ సీట్ల కూసోండ్రి, అని చెప్తుంటే, పేషెంటే గని ఇప్పుడు మాత్రం నిజంగనే అడుగుతుంది, మీరు లొల్లి చెయ్యకున్రి, అని రుక్మాబాయి, నేను అడుగుతూనే ఉన్నాను, దేవా, ఈ పిల్ల కళ్ళు మంచిగ చెయ్యి, నా కళ్ళు మంచిగ చెయ్యి, నాకు భయంగా ఉంది, అనేశాను, తర్వాత ఇంకేదైనా వస్తుందేమో, ఒక ప్రాస, ఒక చమత్కారం, అని ఆగి చూశాను, రాలేదు, ఆ మాట ఒక్కటే నిలబడి ఉంది, భయంగా ఉంది, రెండు నెలలుగా ఊరంతటినీ నవ్విస్తూ తిరుగుతున్నది భయంతోనేనని నాకు ఇప్పుడే తెలిసింది, తెలిశాక చూస్తే అది అంత పెద్దదేం కాదు, అటొక చెయ్యి ఇటొక చెయ్యి ఉంటే ఒక్క సీటులో పట్టేంతదే.